శనివారం సాయంత్రం బండికే వెళ్లండి

ప్రశ్న: మేం విజయవాడ పటమటలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. బాబుకి 12, పాపకి 9 ఏళ్లు. దుగ్గిరాల దగ్గర మావారి సొంతూళ్లో పెంకుటిల్లు, పెరడు, బావి ఉన్నాయి. అత్తగారూ మావగారూ పోయాక మూడేళ్లుగా తాళం వేసే ఉంది. మొన్న సంక్రాంతికి, అంతకుముందు రెండు ఆదివారాలు పిల్లల్ని తీసుకెళ్లాం. రెండు గంటలు గడవకముందే 'బోరు కొడుతోంది, వెళ్లిపోదాం' అన్నారు. నిజం చెప్పాలంటే నాక్కూడా ఏమీ అనిపించలేదు. నేనూ పల్లెటూళ్లోనే పెరిగాను. ఊళ్లు మారిపోయాయా, నేనే మారిపోయానా? పైగా కనపడ్డవాళ్లంతా 'ఎవరి తాలూకు, జీతమెంత' అని అడుగుతుంటే ఇబ్బందిగా ఉంటోంది. నెలకోసారైనా వెళ్లి ఆ ఇంట్లో ఉండాలని ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరంలో ఆదివారం అని ఉంది, ఎన్నింటికి వెళ్లారో లేదు. విజయవాడ నుంచి ఇలా వెళ్లేవాళ్లు చాలామంది టిఫిన్లు చేసి పదింటికి బయల్దేరి, పదకొండుకి దిగి, భోంచేసి, ఎండ తగ్గగానే నాలుగింటికి కారెక్కుతారు. మీరూ అలాగే చేసి ఉంటే, ఊరు కునుకు తీసే వేళకి వెళ్లి అది లేచే వేళకి వచ్చేశారన్నమాట. మన ఊళ్లలో చూడదగ్గదంతా తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది లోపు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి దీపాలు పెట్టేదాకా. నడుమ ఎండా, ఫ్యాన్ల చప్పుడూ తప్ప ఏమీ ఉండదు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకైనా మధ్యాహ్నం పన్నెండుకి ఊరు బోరే.

అందుకని శనివారం సాయంత్రం వెళ్లి, రాత్రి పడుకుని, ఆదివారం సాయంత్రం రండి. వీలైతే కారు వదిలేసి ప్యాసింజర్ బండి ఎక్కండి. కృష్ణా కెనాల్, కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు, ఆ తర్వాత దుగ్గిరాల. అన్ని బండ్లూ అన్నిచోట్లా ఆగవు కాబట్టి, ఆగేది ఏదో ముందే చూసుకోండి. పొలాలు కిటికీ పక్కనుంచి పోతుంటే ఏ పంట ఏ దశలో ఉందో పిల్లలే అడుగుతారు. కారులో వాళ్లు ఫోన్ చూస్తారు.

రెండో సంగతి అసలైనది. మీరు అక్కడికి చూడడానికి వెళ్తున్నారు. పల్లెటూరు చూస్తే కనపడదు, చేతిలో ఏదో ఒక పని ఉంటేనే కనపడుతుంది. చిన్నప్పుడు మీకు ఊరు బాగుందంటే బావి దగ్గర చేద పట్టుకుని, పెరట్లో కూర కోసుకుని, ఎవరింటికో మజ్జిగ గిన్నె మోసుకెళ్లి ఉంటారు. ఇప్పుడు మీవాళ్లకి ఏ పనీ లేదు, కుర్చీలో కూర్చోబెట్టి 'చూడండి ఎంత బాగుందో' అంటున్నాం. కాబట్టి వెళ్లిన ప్రతిసారీ ఆ కాలానికి తగ్గ పని ఒక్కటి పెట్టుకోండి. రెండు వద్దు.

మొదటి పని ఇల్లు. మూడేళ్లు మూసిన పెంకుటిల్లు గాలి ఆడకే పాడవుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ రాత్రి అక్కడ పడుకోవాలనుకోకండి. పగలే వెళ్లి తలుపులన్నీ బార్లా తీసి గంటసేపు వదిలేయండి. గుమ్మాల మీద మట్టిగీతల్లా పాకి ఉంటే అవి చెదలు. ఆ మట్టి తుడిచేస్తే పోయినట్టు కనపడతాయి గానీ లోపల తింటూనే ఉంటాయి, మందు కొట్టించాలి. ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి కాబట్టి మెయిన్ వేయకముందే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. పేర్చిన ఇటుకల్లో, పాత పెంకుల కుప్పలో పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి, తేళ్లుంటాయి. ఇది అయ్యాక పక్కింటావిడకి ఒక తాళంచెవి ఇచ్చి, వారానికోసారి తలుపులు తీసి ఊడ్చినందుకు నెలనెలా డబ్బు ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. మొహమాటపడి ఊరికే చేయించుకోవద్దు, మూడో నెలకే ఆగిపోతుంది.

బావి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మూడేళ్లు తోడని బావిలో ఆకులు కుళ్లి ఉంటాయి. పూడిక తీయడం అలవాటున్నవాళ్లకే వదిలేయండి. అడుగున చెడుగాలి పేరుకుని దిగినవాళ్ల ప్రాణాలే పోతాయి, కాబట్టి మీ ఇంట్లోవాళ్లెవరూ దిగొద్దు. నీళ్లు తోడించి కొత్త ఊట చేరాక బ్లీచింగ్ పౌడర్ వేయాలి. ఎంత వేయాలో మీ బాబు చేత లెక్క కట్టించండి, ఏడో తరగతి లెక్కే. బావి అడ్డకొలత 2 మీటర్లు, నీటిలోతు 3 మీటర్లు అనుకుందాం. 2ను 2తో, ఆపైన 3తో, ఆపైన 0.785తో గుణిస్తే 9.42 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల చొప్పున 24 గ్రాములు చాలు. దాన్ని బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక బకెట్ దాకా నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుగుకి దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే వేరే బకెట్లోకి వంచి, తాడు కట్టి బావిలోకి దింపి, పైకీ కిందికీ ఆడించాలి. అడుగు సున్నం కూడా పోసేస్తే నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. గంట ఆగి వాడుకోవచ్చు. విప్పి నెలలు గడిచిన పొట్లం వాడితే మాత్రం వాసన తప్ప పస ఉండదు. ఈ నీళ్లు స్నానానికీ, గిన్నెలకీ, మొక్కలకీ. పరీక్ష చేయించేదాకా తాగడానికి వేరే తెచ్చుకోండి.

చేద ఎలా వేయాలో పాపకి నేర్పండి. నేరుగా వదిలితే బిందె నీళ్ల మీద తేలుతుంది. మూతి నీటిని తాకగానే తాడుని పక్కకి ఒక్క కుదుపు కుదిపితే బోర్లపడి బుడబుడమని మునుగుతుంది. ఆ చప్పుడు వినగానే పాప మొహం చూడండి.

మర్నాడు తెల్లవారి ముగ్గు. వాకిలి మట్టిదే అయితే బకెట్ నీళ్లలో రెండు నారింజకాయలంత పచ్చిపేడ వేసి, ఉండలు లేకుండా చేత్తో పిసికి కలపండి. నీళ్లు ఎత్తి గుమ్మరించకుండా, నడుము వంచి మణికట్టు విసురుతో అడ్డంగా చల్లితేనే కళ్లాపి సమంగా పడుతుంది. సిమెంటు వాకిలికి పేడ వద్దు, జారుతుంది, వట్టి నీళ్లు చాలు. చల్లిన వెంటనే ముగ్గు మొదలుపెడితే పిండి తడిసి ముద్దకడుతుంది. పూర్తిగా ఆరాక పెడితే గాలికి లేచిపోతుంది. పావుగంట ఆగి, అరచెయ్యి ఆనిస్తే చెమ్మ తగలాలి గానీ బురద అంటకూడదు, అదీ అదను. వట్టి బియ్యప్పిండి నేర్చుకునే చేతికి జారదు. మూడు వంతుల ముగ్గురాయి పిండికి ఒక వంతు బియ్యప్పిండి కలపండి, చీమలకీ పిచ్చుకలకీ కూడా దొరుకుతుంది.

తొమ్మిదేళ్ల పాపకి 5 చుక్కలతో మొదలుపెట్టించండి, సందుచుక్క, 3 వచ్చేదాకా. మధ్య వరసలో 5, దాని పైన సందుల్లో 4, ఆపైన 3, అలాగే కిందా. మొత్తం 19 చుక్కలు రావాలి, రాకపోతే ఎక్కడో సందు తప్పిందన్నమాట. చిటికెడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని, బొటనవేలిని ముందుకీ వెనక్కీ కదిపితే గీత సన్నగా జారుతుంది. గుప్పిట్లోంచి ఒలకబోస్తే తాడంత లావొస్తుంది. మొదటి రోజు వంకర్లు పోతుంది, ఏమీ అనకండి. పాలు పోయడానికి వచ్చినవాళ్లో, ఎదురింటి పెద్దావిడో ఆగి 'అలా కాదే అమ్మా' అంటూ కూర్చుంటారు. మీరు అడక్కుండానే ఊరు మీ గుమ్మంలోకి వచ్చినట్టే.

ఇప్పుడు మీ రెండో ఇబ్బంది. 'ఎవరి తాలూకు' అన్నది ఆరా కాదు. మిమ్మల్ని ఏ వరసలో పిలవాలో తెలుసుకోవడానికి అడుగుతారు. పిల్లలు ఆ ప్రశ్నకి తమ పేరు, స్కూలు చెబుతారు, అక్కడ దానికి విలువ లేదు. 'ఫలానావారి మనవణ్ణి' అని తాతగారి పేరు చెప్పమనండి. ఆ పేరు వినగానే ఎదుటి మనిషి గొంతు మారిపోతుంది, మీ మావగారి గురించి మీకే తెలియని సంగతులు రెండు బయటికొస్తాయి. పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అనకుండా తాతయ్య, మామ్మ, బాబాయి, పిన్ని అనిపించండి. జీతం అడిగితే 'ఏదో గడిచిపోతోంది బాబాయ్, మీ పసుపు ఎలా ఉంది ఈసారి' అంటే చాలు, మాట అటు తిరిగిపోతుంది. సాయంత్రం కుర్చీలు లోపల వేసుకోకండి. అరుగు మీద కూర్చోండి. లోపల కూర్చుంటే మీరు చుట్టాలు, అరుగు మీద కూర్చుంటే ఊరివాళ్లు.

పనులు ఇక కాలాన్నిబట్టి. మీరు సంక్రాంతి దాటాక రాశారు కాబట్టి అక్కడినుంచే చెబుతాం. మాఘం, ఫాల్గుణం మీవైపు పసుపు రోజులు. తవ్విన పసుపుని కొమ్ములూ కాయలూ వేరుచేసి ఉడకబెడతారు. పాత పద్ధతిలో పెద్ద బాణలిలో ముప్పావుగంట నుంచి గంట పడుతుంది, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. నురుగు పొంగి, ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. ఉడికిందీ లేనిదీ పుల్లతో గుచ్చి చూస్తారు, సులువుగా దిగాలి. తక్కువ ఉడికితే పుచ్చు పడుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. ఆ తర్వాత పది పదిహేను రోజులు కళ్లంలో ఎండాలి. ఎండిన కొమ్ము విరిస్తే ఖణేల్‌మని మోగుతుంది. రైతుని అడిగి పిల్లల చేత ఆ పుల్ల గుచ్చించండి, నాలుగు కొమ్ములు విరిపించండి. తర్వాత దుగ్గిరాల పసుపు యార్డు చూపిస్తే వాళ్లకి అర్థమవుతుంది, ముందే చూపిస్తే బస్తాల గుట్టలే.

అదే రోజుల్లో మెట్టవైపు నుంచి పండుమిరప దిగుతుంది, కొత్త చింతపండూ వస్తుంది. పండుమిరప పచ్చడికి కిలో కాయలు తెచ్చుకోండి. తొడిమలతోనే కడగాలి. తొడిమ తీసి కడిగితే నీరు లోపలికి పోయి, ఆ నీటితోనే నెల తిరక్కుండా బూజు పడుతుంది. గుడ్డ మీద నీడన ఆరబోసి, ఒక్కో కాయా తుడిచి, అప్పుడు తొడిమ తీయాలి. కిలోకి 200 గ్రాముల కళ్లుప్పు, పావుకిలో గింజా పీచూ తీసిన చింతపండు, చెంచాడు పసుపు. ఉప్పూ పసుపూ వేసి రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి, సగం జాడీలో వేసి, మధ్యలో చింతపండు నీళ్లు తగలకుండా పొడిగానే పెట్టి, మిగతాది పైన కప్పేయండి. మూడోనాటికి ఆ ఊటకే చింతపండు నానుతుంది. అప్పుడు తీసి, వేయించి కొట్టిన మెంతిపిండి మూడు చెంచాలు వేసి మళ్లీ రుబ్బాలి. మీరు ఆదివారమే వచ్చేస్తారు కాబట్టి జాడీ వెంట తెచ్చుకుని మంగళవారం ఇక్కడ రుబ్బుకోవచ్చు. ఉప్పు తగ్గిస్తే పులిసి పొంగుతుంది, ఆరోగ్యమని తగ్గించకండి, తినేటప్పుడు తక్కువ కలుపుకోండి. పిల్లలకి కాయలు తుడవడం, చింతపిక్కలు తీయడం ఇవ్వండి. తొక్కడం వద్దు. చేతులు మండితే నీళ్లతో తగ్గదు, మిరప ఘాటు నూనెలోనే కరుగుతుంది. నూనె రాసి సబ్బుతో కడగండి.

వేసవి సెలవుల్లో ముంజలు. విడి ముంజలు కొనకుండా గెలతో తీసుకోండి. కాయ నెత్తి చెక్కితే సాధారణంగా మూడు కళ్లు కనపడతాయి. బొటనవేలు దించి లాగితే లేతముంజ నీటితో సహా వస్తుంది, రాకుండా గట్టిగా తగిలితే ముదిరిందన్నమాట. తిన్నాక కాయలు పారేయకండి, బండి చేయాలి. ఒకే సైజు కాయలు రెండు, జానెడున్నర గట్టిపుల్ల ఒకటి ఇరుసుకి, చివర పంగ ఉన్న బారెడు కర్ర ఒకటి. ఇరుసు పుల్లని రెండు కొసలా చెక్కి, కాయలో మూడు కళ్లకీ సరిగ్గా నడిమధ్యన గుచ్చాలి. వేలెడు పక్కకి పోయినా చక్రం కుంటుతుంది. కాయలు హెచ్చుతగ్గులైతే బండి చిన్నకాయ వైపు తిరిగిపోతూనే ఉంటుంది. ఇరుసు కాయల్లో బిగిసి వాటితోపాటే తిరగాలి, పంగ మాత్రం దాని మీద జారాలి. పంగ బిగుతైతే ఇరుసు ఆగి కాయలు ఈడ్చుకొస్తాయి, అక్కడ రెండు చుక్కల కొబ్బరినూనె రాయండి. పంగ పక్కకి జరక్కుండా అటూ ఇటూ ఇరుసుకి గుడ్డపీలిక చుట్టండి. ఇదంతా మీరు చేసి ఇవ్వకండి. మొదటి బండి కుంటితే ఎందుకు కుంటిందో పన్నెండేళ్లవాడు తనే కనిపెడతాడు, రెండోది వీధి చివరిదాకా వెళ్తుంది.

వానాకాలం మొదట్లో కాలువలకి నీళ్లు వదులుతారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై మీ దుగ్గిరాల మీదుగా పోయే కాలువా వాటిల్లో ఒకటి. 1855లో కట్టిన పాత ఆనకట్ట నాటినుంచీ డెల్టాకి ప్రాణం, బ్యారేజీ 1957లో వచ్చింది. ఒకప్పుడు ఇక్కడినుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువల్లో పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. గట్టు మీద నడవండి, దిగొద్దు. నీళ్లు నెమ్మదిగా పోతున్నట్టే ఉంటాయి గానీ తూముల దగ్గర లాగేస్తాయి. నాట్లప్పుడు కూలీల్ని అడిగితే పిల్లల్ని ఒక సాలు నాటనిస్తారు, అరగంట చాలు.

శ్రావణం, భాద్రపదాల్లో తాటిపళ్లు రాలతాయి. అప్పుడు ఆ టెంకలతో తేగల పాతర వేయండి. ఇది మీకోసమే పుట్టిన పని, ఎందుకంటే రోజూ చూసుకోనక్కర్లేదు, నెలకోసారి వెళ్లేవాళ్లకి చక్కగా సరిపోతుంది. పండు తిన్న టెంకలు యాభై పోగేయండి. పెరట్లో నీళ్లు నిలవనిచోట ఇసుక కలిపిన వదులు మన్ను రెండడుగుల ఎత్తున గట్టులా పోసి, దాని మీద టెంకలు పక్కపక్కన పేర్చి, పైన పలచగా మన్ను కప్పండి. తేగ పైకి రాదు, మొలక కిందికి దిగి అక్కడ ఊరుతుంది. అందుకే కింద మన్ను వదులుగా ఉండాలి. గట్టినేల తగిలితే తేగ వంకరపోయి పొట్టిగా పీచుగా మిగులుతుంది. వానలు వెనకబడితే పక్కింటావిడని వారానికి నాలుగు బిందెలు పోయమనండి. మూడు నాలుగు నెలలకి, సంక్రాంతి లోపు తవ్వొచ్చు. పార పక్కనుంచి వేయాలి, పైనుంచి వేస్తే తేగలు తెగుతాయి. టెంక పగలగొడితే లోపల తెల్లగా దూదిలాంటి బుర్రగుంజు ఉంటుంది, పిల్లలు దానికోసమే కొట్టుకుంటారు. తేగల్ని కుండలో నిలువుగా కూరి, మూతికి గడ్డి దట్టించి, బోర్లించి చుట్టూ మంట వేసి తంపట పెట్టండి. కుదరకపోతే ఉప్పునీళ్లలో ఉడికించండి. నిలువునా చీల్చి, నడుమ చందమామ అనే లేత మొలక తీసి, పీచు వలుచుకుంటూ తినాలి.

మార్గశిరంలో కోతలప్పుడు గడ్డివాము ఎక్కి దూకాలని పిల్లలకి మహా సరదాగా ఉంటుంది. ముందు కర్రతో చుట్టూ కొట్టి చూసి ఎక్కనివ్వండి, పొడిచోటని పాములు చేరతాయి. చీకటి పడ్డాక టార్చి లేకుండా పెరట్లోకి ఎవరూ వెళ్లకూడదు. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, మంత్రం ఇవేవీ వద్దు. కాలు కదపనివ్వకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

వంట సంగతి ఒక్కమాట. విజయవాడ నుంచి వండుకుని వెళ్లొద్దు. శనివారం రాత్రి అన్నంలో పాలు పోసి తోడు పెట్టి, పొద్దున ఉల్లిపాయతో చద్దన్నం పెట్టండి. ఆదివారం మధ్యాహ్నానికి పెరట్లో ఏది దొరికితే అది. ఎవరైనా గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె కడిగి ఖాళీగా ఇవ్వకండి. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలో, గుప్పెడు పంచదారో వేసి, పిల్లల చేతికే ఇచ్చి పంపండి.

మొదటి నెల ఇల్లు కడగడానికే సరిపోతుంది. దోమతెరలు, టార్చి, కొత్త చేంతాడు, తాజా బ్లీచింగ్ పొట్లం, కిలో ముగ్గుపిండి సంచిలో వేసుకోండి. పాత చేంతాడు ఎంత గట్టిగా కనపడినా వాడొద్దు, మూడేళ్లకి లోపల చివికిపోయి ఉంటుంది.